లంకేశ్వరుడి హాల్ టికెట్

"మీ కాలేజీ రోజుల గురించి సరదాగా ఏదైనా రాయండి సార్" అని ఈ సంచిక సంపాదకవర్గం కుర్రాళ్ళు అడిగారు. సరదా అనగానే నాకు గుర్తొచ్చింది 1987 జనవరిలో మేం అయిదుగురం చేసిన ఒక్కరోజు లంకల యాత్ర. కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, అది నేననుకున్నంత సరదా సంగతి కాదని. అయినా మాటిచ్చాను గనక రాస్తున్నాను.

మాది జియాలజీ ఎమ్మెస్సీ ఫైనలియర్. క్లాసులో పద్నాలుగు మందిమి. అందులో ఒకడు కోనసీమ లంకలనించి వచ్చినవాడు. లంకవాడు గనక మొదటి వారంలోనే వాడికి 'లంకేశ్వరుడు' అని నామకరణం చేసేశాం. ఆ పేరు వాడికి నచ్చిందో లేదో ఎవరమూ అడగలేదు. పది తలల మాట దేవుడెరుగు గాని, ఉన్న ఒక్క తలా మా అందరి తలలకంటె బాగా పనిచేసేది. డెల్టా బొమ్మ వేయమంటే పాయలు, మేటలు, కోతపడే ఒడ్డు, పూడే ఒడ్డు, అన్నీ చూడకుండా గీసేసేవాడు. "పుస్తకంలో చూసి కాదురా, మా పెరట్లోంచి చూసి వేస్తున్నా" అనేవాడు. సెలవులకి వెళ్ళేముందల్లా "ఒక్కసారి రండిరా మా ఊరు, పడవెక్కిస్తాను, బొండాలు తాగిస్తాను" అని పిలిచేవాడు. ఎప్పుడూ ఏదో అడ్డొచ్చేది. మేం వెళ్ళలేదు.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. చాలాచోట్ల గట్లు తెగాయి. హాస్టల్ రీడింగు రూములో పేపరు చుట్టూ మూగి ఫోటోలు చూశాం. లంకేశ్వరుడు ఆ రాత్రే ఊరికి బయల్దేరాడు. వారంలో వస్తానన్నాడు. దసరా అయింది, దీపావళి అయింది, రాలేదు. రోల్ కాల్‌లో వాడి నంబరు దగ్గర మా లెక్చరరుగారు ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి చూసి, మళ్ళీ ముందుకి వెళ్ళేవారు.

జనవరిలో పరీక్ష దరఖాస్తులొచ్చాయి. బుధవారం ఆఖరు తేదీ. అటెండెన్సు తక్కువైనవాళ్ళు కండొనేషన్ ఫీజు కట్టాలి. మా లెక్చరరుగారు నన్ను గదికి పిలిచి, ఒక ఖాళీ ఫారమూ ఇరవై రూపాయలూ చేతిలో పెట్టి, "సంతకం ఒక్కటీ తీసుకురండయ్యా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. హాస్టల్లో చందాలేశాం. ఫీజు కూడింది. ఫారం పట్టుకెళ్ళడానికి ఒకడు చాలు. కాని గోదావరి, కొబ్బరితోటలు, ఆదివారం! అయిదుగురం తయారయ్యాం. ఒకడు బాబాయిగారి కెమెరా కూడా తెచ్చాడు.

శనివారం రాత్రి పాసింజరెక్కి తెల్లారగట్ల రాజమండ్రిలో దిగాం. ఎర్రబస్సులో ధవళేశ్వరం బ్యారేజీ మీదికి వచ్చేసరికి సూర్యోదయం. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయి అప్పటికి అయిదారేళ్ళే. అక్కడినించి కిందికి గోదావరి ఒక్క నది కాదు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, వసిష్ఠలోంచి చీలిన వైనతేయ. ఈ పాయల నడుమ ఉన్నదే కోనసీమ. "ఎంత శాంతంగా ఉందిరా!" అన్నాడు కెమెరావాడు. నిజమే. జనవరి గోదావరిని చూసినవాడెవడూ ఆగస్టు గోదావరిని నమ్మడు.

బొబ్బర్లంకనించి కాలవగట్టు వెంబడి లొల్ల లాకులు, రావులపాలెం, అక్కణ్ణించి ఇంకో బస్సులో గన్నవరం. దారిపొడుగునా ఎడం పక్క కొబ్బరి, కుడి పక్క అరటి. మాలో భోజనప్రియుడొకడు కండక్టరుని పట్టుకుని "పులస ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. వరద నీటికి సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. పుష్యమాసంలో దాన్ని అడిగిన మనిషిని కండక్టరు ఎగాదిగా చూసి, "ఆయ్, తవరు ఆర్నెల్లాగి రండి, ఏటిని కూడా రమ్మంటాం" అన్నాడు. బస్సంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఏరు కిందటి ఆగస్టులో పిలవకుండానే వచ్చిన సంగతి ఆ నవ్వులో ఉందని మాకప్పుడు తట్టలేదు.

గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల పాత అక్విడెక్టు చూశాం. కింద నది, పైన కాలవ. నీళ్ళ మీదుగా నీళ్ళు నడిచి వెళ్ళడం. ఇప్పుడు దాని పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వందేళ్ళకు పూర్వం ఈ లంకల్లో వేళగానివేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. 1909లో పోయారు.

రేవు దగ్గర పడవవాడు తలకి అర్ధరూపాయి అన్నాడు. లెక్కలు నా చేతిలో ఉన్నాయి గనక అయిదుగురికీ కలిపి రెండు రూపాయలకి బేరమాడి ఒప్పించాను. ఆ అర్ధరూపాయి గెలిచినందుకు ఆ వేళంతా గర్వపడ్డాను కూడాను.

లంక ఒడ్డున దిగగానే మొదట కనిపించింది ఇసక. చుట్టూ ఏరున్నచోట ఇసక లేకపోతే ఏముంటుంది అనుకుంటూ నడుస్తున్నాం. ఓ కొబ్బరిచెట్టు మొదలు ఉండవలసినంత లావుగా లేదు. కాస్సేపటికి అర్థమైంది, మేం చూస్తున్నది మొదలు కాదు, నడుం. మిగతాది మా కాళ్ళ కింద ఉంది.

వరద గురించి మేం పరీక్షల్లో ఎన్నిసార్లు రాశామో! 'వరదలు సారవంతమైన ఒండ్రును నిక్షేపించును.' దానికి మార్కులు కూడా పడేవి. అబద్ధమేం కాదు. నీరు నిలిచిన చోట సన్నమట్టి దిగుతుంది. అది ఒండ్రు. కాని నీరు ఉరవడిగా పోయే చోట సన్నమట్టి నిలవదు, బరువైన ముతక ఇసకే పడుతుంది. ఒకే వరద ఒకడి పొలానికి ఎరువు, పక్కవాడి పొలానికి సమాధి. ఇది కూడా మా పుస్తకంలో ఉంది, వేరే అధ్యాయంలో. రెండూ కలిపి ఎవరం చదువుకోలేదు.

లంకేశ్వరుడు పొలంలో ఉన్నాడు. పొలమంటే తెల్లటి ఇసక మైదానం. నడుం లోతు మేట. వాడూ, వాళ్ళ నాన్నగారూ, ఒక బండీ, రెండు పారలు. పారతో గంపకెత్తడం, గంప బండిలో పోయడం, బండి ఏటి ఒడ్డుకి తోలడం. ఆర్నెల్లుగా అదే పని. మమ్మల్ని చూసి పార పడేసి పరిగెత్తుకొచ్చాడు. నల్లబడ్డాడు. నవ్వు మాత్రం అదే.

"మా లంకేశ్వరుడండీ!" అని వాళ్ళ నాన్నగారితో గొప్పగా అన్నాడు కెమెరావాడు. ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంచెం నవ్వారు. "లంకకి ఈశ్వరులు ఎవరున్నారు బాబూ, ఏరు తప్ప. రెండెకరాలు ఇసక మేటేసింది. ముప్పావు ఎకరం కోతకి పోయింది. ఇసకైతే ఎత్తుకోవచ్చు. పోయింది ఎక్కణ్ణించి తెస్తాం?" అన్నారు.

మాకేం మాట్లాడాలో తెలియలేదు. తెలియనప్పుడు కుర్రాళ్ళు చేసే పనే చేశాం. తలా ఒక గంప ఎత్తాం, నెత్తిన పెట్టుకుని నవ్వుతూ ఫోటో దిగాం. నాలుగేసి గంపలయ్యేసరికి భోజనానికి పిలుపొచ్చింది.

అరటాకుల్లో వేడన్నం, కంద పులుసు, అరటికాయ వేపుడు, గడ్డపెరుగు. వాళ్ళమ్మగారు "మొహమాటపడకండి బాబూ, మా వాడి స్నేహితులు ఇన్నాళ్ళకి వచ్చారు, ఇంకాస్త వేసుకోండి" అంటూ కొసరి కొసరి వడ్డించారు. భోజనప్రియుడు మూడుసార్లు మారు అడిగాడు. చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళిన నాకు ఆవిడ పక్కింటి దడి దగ్గర నిలబడి చేటలో బియ్యం అందుకుంటూ కనిపించారు. నన్ను చూడలేదు. నేను లోపలికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ తరవాత ఇక్కడ చెబుతున్నాను.

తిరిగి రేవుకి నడుస్తూ ఫారం తీశాను. "ఫీజు సంగతి నీకెందుకు, సంతకం పెట్టు, ఏప్రిల్లో వచ్చి రాసిపో" అన్నాను. వాడు నాన్న వైపు చూశాడు. ఆయన "పెట్టు" అన్నారు. కొబ్బరిదిమ్మ మీద ఫారం ఆనించి సంతకం పెట్టాడు. ఆ కాగితం మీద వాడి వేలిముద్ర కూడా పడింది, తడి ఇసకతో. "తప్పకుండా వస్తావు కదూ?" అన్నాను. "రాస్తాన్రా" అన్నాడు. పడవ కదిలాక కూడా ఒడ్డున అలాగే నిలబడి చెయ్యి ఊపాడు. మేం పాటలు పాడుకుంటూ ఏరు దాటాం. ఒక మనిషి చదువు నిలబెట్టామన్న సంతోషం మాది.

బుధవారం దరఖాస్తు ఇచ్చేశాం. కండొనేషన్ అయింది. హాల్ టికెట్ వచ్చింది. ఏప్రిల్లో మొదటి పేపరునాడు నా ముందు బల్ల ఖాళీ. రెండో పేపరుకీ ఖాళీయే. ఇన్విజిలేటరు ఆ బల్ల మీద ప్రశ్నపత్రం పెట్టి, అరగంటయ్యాక తీసేసుకునేవారు. మాకు కోపమొచ్చింది. "చందాలేసి కట్టాం, మాట తప్పాడు" అనుకున్నాం. పరీక్షలయ్యాక ఒక కార్డు వచ్చింది. అందులో మూడే ముక్కలు. 'ఇసక ఇంకా ఎకరం ఉంది. ఈ వరదలోపు తియ్యకపోతే వచ్చే ఏడు కూడా పంట లేదు. మీరు అంత దూరం వచ్చి అడిగితే రానని చెప్పడం చేతకాలేదు.'

జవాబు రాయాలనుకున్నాను. ఉద్యోగం, పెళ్ళి, బదిలీలు. రాయలేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలకి పడుకోబెట్టినప్పుడు ఎక్కడో దూరరాష్ట్రంలో టీవీ ముందు కూర్చుని వాణ్ణి తలుచుకున్నాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71 అడుగులు దాటిందన్నప్పుడు మాత్రం ఉండబట్టలేదు. రిటైరయ్యాను, సాకులు అయిపోయాయి. నీళ్ళు తీశాక, దసరా ముందు వెళ్ళాను. తూర్పు గోదావరిలో ఉండే ఆ ఊరు అప్పటికి కొత్త కోనసీమ జిల్లాలో ఉంది. రేవులో పడవే. అడిగినంతా ఇచ్చాను.

గుర్తుపట్టాడు. తల్లిదండ్రులిద్దరూ లేరు. మేం ఇసకెత్తిన ఆ రెండెకరాలూ లేవు. తరవాతి వరదల్లో కొంచెం కొంచెంగా ఒడ్డు విరిగి ఏట్లోకి జారిపోయాయి. అవతల ఒడ్డున కొత్తగా మేటేసిన నేలని చూపించి, "మట్టెక్కడికీ పోలేదురా, అవతలికి మారింది. నా పేరే దాని మీద లేదు" అన్నాడు. పూడే ఒడ్డు, కోతపడే ఒడ్డు. క్లాసులో వాడు గీసిన బొమ్మే.

వరద వస్తే వాడి ఇంటి అరుగు మీద ఊరు కూడుతుందట. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. అక్కడి మట్టం చూసి, ఎన్ని గంటలకి తమ గట్టు మునుగుతుందో, ముందు ఎవరి గొడ్లు దాటించాలో వాడు లెక్కకట్టి చెబుతాడు. "మన లెక్చరరుగారు చెప్పిందేరా, పరీక్ష రాయలేదు గాని" అన్నాడు.

హాల్ టికెట్ జేబులోంచి తీసి ఇచ్చాను. ఇన్నాళ్ళూ నా సర్టిఫికెట్ల మధ్య ఉంది. కళ్ళజోడు పెట్టుకుని నంబరు చదువుకున్నాడు. అప్పుడు నేను చాలాకాలంగా మోస్తున్న మాట అనేశాను. "ఆ రోజు మేం అయిదుగురం వారం రోజులు అక్కడే ఉండిపోయి ఉంటే, నీ ఇసక కొంతైనా తీసేవాళ్ళం. ఎంత మిగిలిందని కూడా అడగలేదురా." వాడు కాస్సేపు ఏటికేసి చూశాడు. "తలా నాలుగు గంపలెత్తారుగా. మా నాన్న పోయేదాకా చెప్పుకునేవాడు, యూనివర్సిటీ కుర్రాళ్ళు మన పొలంలో ఇసకెత్తారని" అన్నాడు.

ఫోటో కోసం ఎత్తామని నేను చెప్పలేకపోయాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ క్లాసు రోల్ కాల్‌లో కూడా రోజూ ఆబ్సెంట్ పడే నంబరు ఒకటుంటుంది. ఫారం పట్టుకుని తప్పకుండా వెళ్ళండి. మేం వెళ్ళడం తప్పని ఇప్పటికీ అనుకోను. కాని సంతకం అడిగేముందు, ఎంత ఇసక మిగిలిందో అడగండి. తిరుగు టికెట్ ముందే కొనుక్కోకండి. పడవవాడి దగ్గర అర్ధరూపాయి మిగుల్చుకోకండి.