కుడి ముందు కాలు

18 ఫిబ్రవరి 2024, ఆదివారం రాత్రి

మాఘమాసం ముహూర్తాలు. విశాఖ కంచరపాలెంలో ఊరేగింపు మధ్యలో గుర్రం ఆగిపోయిందని గుర్రాలాయన ఫోను. వెనక బ్యాండు మోతలో సగం మాటలు వినపడలేదు. "ఏటయిందో తెల్దు బాబూ, కుడి ముందుకాలు కింద ఎట్టడం నేదు. సూది పొడిపించి మండపం దాకా లాగించీమంటన్నారు పెళ్ళోళ్ళు."

ముందు పెళ్ళికొడుకుని దింపెయ్యన్నా అన్నాను. సూది ఊసెత్తొద్దు, అడుగు కూడా కదపొద్దు, టార్చి వేసి గిట్ట అడుగున చూడు, ఏదైనా దిగి ఉంటే పీకకుండా ఫొటో పంపు. నొప్పి తగ్గే సూది వేస్తే నడుస్తుంది, అందులో అబద్ధం లేదు. అసలు భయం అదే. నిలబడ్డ గుర్రం బరువులో నూటికి అరవై పాళ్ళు ముందుకాళ్ళ మీదే ఉంటుంది. నొప్పి తెలియక ఆ బరువంతా ఈ కాలి మీద మోపితే మేకు ఇంకా లోపలికి దిగుతుంది. ఎముక చిట్లి ఉంటే పూర్తిగా విరుగుతుంది.

ఫొటో వచ్చింది. షామియానా మేకు.

నేను స్కూటర్ మీద వెళ్ళేసరికి పెళ్ళికొడుకు కారెక్కి వెళ్ళిపోయాడు. తెల్లగుర్రం జరీ ముఖపట్టీతో కిళ్ళీకొట్టు ముందు మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. మేకు పీకే ముందు ఎక్స్‌రే తీయాలని పుస్తకం చెబుతుంది. మలక్‌పేట రేసుకోర్సులోనైతే మిషన్‌ను గుర్రం దగ్గరికే తెస్తారు. ఇక్కడ ఈ వేళప్పుడు ఎవరు తెస్తారు? మేకు ఉంచి బండి ఎక్కిస్తే ఇంకా దిగుతుంది. అందుకని దాని చుట్టూ మార్కర్‌తో గుండ్రంగా గీసి, పక్కనుంచీ కిందనుంచీ ఫొటోలు తీసుకుని, దిగిన దారినే తిన్నగా లాగాను. లోపలున్న ముక్క నా బొటనవేలి గోరంత. వాలు గిట్ట కొన వైపు. అది మధ్యలో ఉండే మెత్తటి త్రికోణంలో, మడమ వైపు వాలి దిగి ఉంటే కథ వేరు. ఆ వెనకే స్నాయువు, దాని కింద నీటితిత్తి, కీలు ఉంటాయి. అక్కడ చీము పడితే గుర్రం మళ్ళీ నడవకపోవచ్చు. అలాగైతే ఈ రాత్రికి రాత్రే గరివిడి పశువైద్య కళాశాలకు పంపేసేవాణ్ణి.

అయోడిన్‌తో కడిగాక టీటీ, ధనుర్వాతం సీరం రెండూ వేశాను. మునుపెప్పుడు వేయించాడో గుర్రాలాయనకు గుర్తులేదు. పెంపుడు జంతువుల్లో ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగిపోయేది లేదు. మనుషుల పాముకాటుకి వేసే మందును ఈ దేశంలో గుర్రం రక్తం నుంచే తీస్తారు. పెళ్ళివారిలో ఎవరికైనా ఆ సంగతి చెబుదామనుకున్నాను గానీ అందరూ బ్యాండు వెనక వెళ్ళిపోయారు.

కట్టుకి మెడికల్ షాపులో అన్నిటికంటే పెద్ద సైజు బేబీ డయపర్. గిట్టకు చక్కగా పట్టింది. పైన వెడల్పాటి టేపు చుట్టాను. గుర్రాలాయన నవ్వాడు. ఆ రాత్రికి నవ్వడం అదొక్కసారే. బుకింగ్ డబ్బులు పోయాయి మరి.

20 ఫిబ్రవరి

బాగానే నడుస్తోందట. "సాయంత్రం బీచికి ఒగ్గీమంటారా బాబూ?" ఒగ్గొద్దన్నాను. ఎలాగూ మిలన్ నౌకాదళ విన్యాసాల హడావుడిలో ఆర్కే బీచంతా పోలీసులే.

22 ఫిబ్రవరి

తెల్లారకముందే ఫోను. మళ్ళీ మూడు కాళ్ళు. ఈసారి మొదటి రోజు కంటే ఘోరం, గిట్ట నేలకి ఆనించడమే లేదు. ఎముక విరిగిందని పేటంతా తేల్చేశారు. భుజానికి వాత పెట్టడానికి ఒకాయన అప్పుడే ఇనపచువ్వ పొయ్యిలో పెట్టాడు. అది బయటికి తీయించండి, నేను వస్తున్నా అన్నాను. ఈ రోజు బీచిరోడ్డులో దేశదేశాల నౌకాదళాల కవాతు. ఎక్కడ చూసినా బారికేడ్లే. పెదవాల్తేరులో స్కూటర్ పడేసి సంచీ భుజాన వేసుకుని సందుల్లోంచి నడిచాను.

గిట్ట వేడిగా ఉంది. మడమ పైన వెనక వైపు రెండు పక్కలా వేళ్ళు పెడితే నాడి దడదడా కొట్టుకుంటోంది. బాగున్న కాలికి అదే చోట వెతుక్కోవాలి. దవడ కింద చూస్తే నిమిషానికి 60. విశ్రాంతిలో 28 నుంచి 44 లోపు ఉండాల్సింది. పైన ఎక్కడా వాపు లేదు, ఎముక కరకరమనడం లేదు. గిట్ట అడుగును నొక్కిచూసే పెద్ద పటకారు నా దగ్గర లేదు. ఊళ్ళో కుక్కలూ పిల్లులూ చూసే డాక్టరుకి అది ఎందుకుంటుంది? లాడాలు పీకే పటకారుతో గిట్ట అంచు నుంచి కొంచెం కొంచెంగా నొక్కుతూ వచ్చాను. మార్కర్ గుర్తు దగ్గరికి రాగానే గుర్రం కాలు లాక్కుంది, గుర్రాలాయన్ని గోడకి నెట్టేసింది.

చీము. గిట్ట సాగదు, ఉబ్బదు. మూత బిగించిన ఇనపడబ్బాలో చీము ఊరినట్టు. పుండు చిన్నదే గానీ ఒత్తిడికి ఎముక విరిగిన బాధ పుడుతుంది. కత్తితో మేకు దారిని కాస్త వెడల్పు చేస్తే నల్లటి నీళ్ళు చిమ్మాయి, మోచేతి దాకా పడ్డాయి. కుళ్ళిన గుడ్డు కంపు. రంధ్రం మరీ పెద్దది చేయకూడదు, లోపలి కండ బయటికి పొడుచుకొస్తుంది. చేయి ఓర్చుకునేంత వేడినీళ్ళలో భేదిఉప్పు కలిపి బకెట్లో కాలు పెట్టించాం. గుర్రం మొదట బకెట్‌ను తన్నేసింది, రెండోసారి ఒప్పుకుంది. నీళ్ళు చల్లారేలోపే గిట్ట బకెట్ అడుగున ఆనింది. బీచి వైపు నుంచి నేవీ బ్యాండు రిహార్సల్ వినిపిస్తుంటే అటు చెవులు తిప్పింది. ఊరేగింపు అనుకుందేమో.

వాతల పెద్దాయన చువ్వ చల్లారబెట్టుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పుపట్టలేను. వాత పెట్టాక చీము దానంతటదే గిట్ట పైఅంచున పగిలి గుర్రం నడిచిన సందర్భాలు ఆయన చూసే ఉంటాడు. పేరు వాతకి దక్కింది.

25 ఫిబ్రవరి

రంధ్రం పొడిగా ఉంది. పొద్దున, సాయంత్రం భేదిఉప్పు నీళ్ళు, కొత్త డయపర్. నడక లేదు కాబట్టి ఉలవలు ఆపించాను, గడ్డి మాత్రమే. గుర్రాలాయనకి అది నచ్చలేదు. నీరసపడిపోద్దంటాడు. ఒక కాలు నొప్పని బరువంతా రెండో కాలి మీద వేసిన గుర్రానికి దాణా కూడా దండిగా పెడితే ఆ రెండో గిట్ట లోపలి పొరలు వాచిపోతాయి. ఆ వాపొస్తే మేకు గొడవ దాని ముందు దిగదుడుపే.

ఏటా 73 లక్షల టన్నుల ఉక్కు పోయగల కర్మాగారం ఉన్న ఊళ్ళో లాడం కొట్టే మనిషి లేడు. నాల్‌బంద్ పొరుగు జిల్లా నుంచి రావాలి. ఫోన్లోనే నన్ను పరీక్షించాడు: "చీము మేకుదేనా? లాడం మేకు పక్కకి తిరిగి పచ్చిమాంసానికి తగిలినా అంతే గదండీ." నిజమే. పాత లాడం తీసినప్పుడు ఒక్కో రంధ్రమూ చూశాను, అన్నీ పొడిగానే ఉన్నాయి. మనిషికి పని తెలుసు.

17 మార్చి

సిమెంటు సందులో తాడు వదులుగా పట్టుకుని పరుగెత్తించాం. ముందుకాలు నొప్పెడితే, ఆ కాలు నేలకి తగిలినప్పుడల్లా గుర్రం తల పైకెత్తుతుంది. తల నిలకడగా ఉంది. కొత్త లాడానికి గిట్టకీ మధ్య తోలుముక్క వేశాడు నాల్‌బంద్.

ఏప్రిల్ ఆఖర్లో మూఢం, ఆలోపే సంపాదించుకోవాలంటాడు గుర్రాలాయన. ఒక వారం ఇసకలో ఖాళీగా నడిపించి, ఆ తర్వాత పిల్లల్ని ఎక్కించమన్నాను. పెళ్ళిళ్ళ సంగతి ఆపైన. ముఖం చిట్లించాడు గానీ సరేనన్నాడు. టీటీ రెండో డోసు వేశాను. రెండో గుర్రాన్ని తనే కట్టుకొయ్య నుంచి విప్పి తెచ్చి, దీనికి కూడా వేసీమన్నాడు. డబ్బులు ఆదివారం ఊరేగింపు అయ్యాక ఇస్తాడట.