హైఫన్ తర్వాత ఊరు

మ్యూనిక్‌లో ఆన్‌సైట్ చేసిన తెలుగువాళ్లలో గార్మిష్ చూడనివాళ్లు అరుదు. వీకెండ్ వస్తే పులిహోర కట్టుకుని రైలెక్కడం, గంటన్నరలోపు దిగడం, త్సుగ్‌ష్పిట్జె (2962 మీటర్లు, జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం) మీద మంచులో ఫోటోలు, సాయంత్రం తిరుగు రైలు. నేనూ అంతే. "గార్మిష్ వెళ్లొచ్చాం" అంటాం. ఊరి అసలు పేరు గార్మిష్-పార్టెన్‌కిర్షెన్. రెండో ముక్కకి నోరు తిరగదు కదా, వదిలేస్తాం.

చెప్పొద్దూ, మనం వదిలేసేదే పాత ఊరు! రోమన్లు పార్టానుమ్ అని పిలిచిన చోటు. వెనిస్ నుంచి ఆగ్స్‌బుర్గ్‌కి సరుకు బళ్లు పోయే దారిలో పెరిగిన సంత ఊరు. గార్మిష్ దాని పక్కూరు. ఎవరి చర్చి వాళ్లది, ఎవరి పెత్తనం వాళ్లది.

ఇంతలో 1936 వింటర్ ఒలింపిక్స్ వచ్చిపడ్డాయి. హిట్లర్ ప్రభుత్వానికి ప్రపంచం ముందు పెట్టడానికి ఒక్క ఊరు కావాలి. ఊళ్లవాళ్ల మీద ఒత్తిడి తెచ్చి 1935 జనవరి 1న రెంటినీ కలిపేశారు. ఆటలు జరిగింది ఫిబ్రవరి 6 నుంచి 16 దాకా, పదకొండు రోజులు. విదేశీ అతిథుల కంటపడకుండా యూదులకి వ్యతిరేకంగా పెట్టిన బోర్డులు తీసేశారు. 1938 నవంబర్ 10న ఊళ్లో ఉన్న యూదులనే తరిమేశారు. పదకొండు రోజుల పండక్కి పెట్టిన హైఫన్ మాత్రం తొంభై ఏళ్లు దాటినా అలాగే ఉంది. పెట్టించినవాడు పోయాక కూడా ఎవరూ దాన్ని తీయలేదు.

మన ఫీల్డులో ఇది కొత్తేం కాదు లెండి. నేను మొదట చేరిన చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. మొదటి ఏడు ఐడీ కార్డు మీద రెండు పేర్లు, మధ్యలో హైఫన్. రెండో ఏడు మెయిల్ ఐడీలు మారాయి. మూడో ఏటికి మా పేరు పాత కోడ్‌లో కామెంట్లలో మిగిలింది. అదైనా ఎవరికీ తీసే ఓపిక లేక. (2007లో హైదరాబాద్ చుట్టూ ఉన్న పన్నెండు మునిసిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు హైఫన్ కూడా దక్కలేదు, అది వేరే సంగతి.)

పార్టెన్‌కిర్షెన్ వాళ్లు మా అంత తేలిగ్గా లొంగలేదు. ఇప్పటికీ రెండు సగాలకీ వేర్వేరు వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్‌లు. స్కీ క్లబ్బులూ వేరే. 2010 వాంకూవర్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన మరియా రీష్ స్కీ క్లబ్ పార్టెన్‌కిర్షెన్ అమ్మాయి. ఆ సగంలో నిలబడి "గార్మిష్ బావుందండీ" అంటే మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోరూ మరి! పైగా ఇరవై వేలు దాటిన జనాభా ఉండి కూడా ఊరు కాగితాల మీద ఇంకా "మార్క్ట్", అంటే సంత ఊరే. సిటీ కాదు.

ఈసారి వెళ్తే ఒక పని చేయండి. స్టేషన్‌లో దిగగానే అందరూ కొండ రైలు వైపు పరిగెడతారు. మీరు రెండో వైపుకి, తూర్పుకి నడవండి. కాసేపట్లో లుడ్విగ్‌ష్ట్రాసె వస్తుంది, గోడల నిండా బొమ్మలు వేసిన ఇళ్లతో. అక్కడ టీ కొట్టు ఉండదు గానీ కాఫీ దొరుకుతుంది. ఊరి పేరు ఎలా పలకాలో ఆ కాఫీ ఇచ్చేవాళ్లనే అడగండి.