అక్కరలేదు, కూడదు: ఒక దరఖాస్తు నేర్పిన పాఠం



మన పిల్లవాడు బడిలో చేరిన మొదటి నెలలోనే నేర్చుకునే ఆంగ్ల వాక్యం ఏదో మీరెప్పుడైనా గమనించారా? గుమ్మం దగ్గర నిలబడి, చేయి చాచి, ఒక్క గుక్కలో "మేకమిన్సార్" అంటాడు. అది వాడికి వాక్యం కాదు, ఒకే మాట. మనం తల ఊపుతాము, వాడు లోపలికి వస్తాడు. పదో తరగతికి వచ్చినా అందులో 'మే' అనే విడి మాట ఒకటి ఉన్నదనీ, "రావచ్చునా" అన్నప్పుడు మన 'వచ్చు' చేసే పనినే అది చేస్తున్నదనీ వాడికి ఎవరూ చెప్పరు. నేనూ చాలా ఏళ్ళు చెప్పలేదు. దాని ఫలితం ఏమైనదో మీకు విన్నవించుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా ఉద్యోగ జీవితం రాయగడ, కోరాపుట్ ప్రాంతాలలో గడిచింది. ఈ నేల సంగతి మీలో చాలామందికి తెలిసినదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఏజెన్సీగా ఉన్న జయపురం సంస్థానపు ప్రాంతం కోరాపుట్ జిల్లా అయినది. 1992 అక్టోబరు 2న అందులోనుంచి రాయగడ వేరు జిల్లాగా విడివడింది. ఏలుబడి మారినా ఇళ్ళలో మాట మారలేదు. రాయగడ, గుణుపురం, జయపురం, సునాబెడ ఊళ్ళలో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మా తరగతి గదిలో ఇంట తెలుగు, వీధిలో ఒడియా, సంతలో కువి, దేశియా వినిపిస్తాయి. ఇన్ని భాషలు చెవిన పడిన పిల్లలకు ఇంగ్లీషు ఒక లెక్క కాదని నేను మొదట అనుకున్నాను. పిల్లలకు కాదు, అసలు చిక్కు నాకే వచ్చింది.

సుమారు పాతికేళ్ళ కిందటి మాట. మా పిల్లలు చదివే తెలుగు తరగతిలో కొత్తగా ఎవరినీ చేర్చుకోరన్న వార్త ఊరిలో పుట్టింది. ఒక సాయంత్రం ఒక కిరాణా వర్తకుడు, కాగితపు మిల్లులో పనిచేసే ఇద్దరు, ఒక రైల్వే ఉద్యోగి మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, తమరికి ఇంగ్లీషు వచ్చును గదా, పై వారికి ఒక దరఖాస్తు రాసిపెట్టండి" అన్నారు. వారి మనవి చాలా న్యాయమైనది. "మేము ఒడియాకు వ్యతిరేకులం కాము. ఎలాగూ మా పిల్లలు నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. కాని అయిదారేళ్ళ పసివాళ్ళు మొదటి రోజునుంచే ఒడియా మాధ్యమంలో చేరనక్కరలేదు గదా, తెలుగు తరగతి ఉంది గదా" అన్నారు.

నేను ఉత్సాహంగా కలం పట్టాను. అసలైన వాక్యం దగ్గరకు వచ్చేసరికి "అవర్ చిల్డ్రన్ మస్ట్ నాట్ జాయిన్ ఒడియా మీడియం" అని రాశాను. చేరాలి అంటే 'మస్ట్' గనుక, చేరనక్కరలేదు అంటే 'మస్ట్ నాట్' అని నా లెక్క. అందరూ సంతకాలు చేశారు. ఇద్దరు వేలిముద్రలు వేశారు.

కార్యాలయంలో ఉద్యోగి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "పిల్లలు ఒడియా మాధ్యమంలో చేరకూడదని మీరు నిషేధిస్తున్నారా? ఈ రాష్ట్రంలో ఉంటూ ఇలా ఎట్లా రాశారు?" అని ఒడియాలో అడిగాడు. నాకు వచ్చిన ఒడియాలో సర్దిచెప్పబోయాను. "కాగితంలో ఉన్నదే నేను చదవగలను" అని తిరిగి ఇచ్చివేశాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చదివినది నేను రాసినదే.

మళ్ళీ రాసి, మళ్ళీ సంతకాలు కూడగట్టేసరికి చాలా రోజులు పట్టింది. సంతకం చేసినవారిలో ఇద్దరు పనులకోసం విశాఖకు వెళ్ళిపోయారు. ఈలోగా ప్రవేశాల గడువు దాటిపోయింది. తెలుగు తరగతిలో చేరవలసిన నలుగురు పిల్లలు ఆ ఏడు వేరే బడులకు పోయారు. ఆ కిరాణా వర్తకుడు నన్ను నిందించలేదు. "ఒక్క మాటకేనా మాస్టారూ?" అన్నాడు, అంతే. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి నేను పిల్లలకు చెప్పి రాయించే నోట్సు తీసి చూసుకున్నాను. 'కెన్' అంటే శక్తి, 'మే' అంటే అనుమతి, 'మస్ట్' అంటే విధి, 'షుడ్' అంటే ధర్మం. ఇదీ పట్టిక. మీ నోట్సులోనూ బహుశా ఇదే ఉండవచ్చు. ఇందులో తప్పు లేదు గాని, సగమే ఉన్నది. వ్యతిరేకార్థం వచ్చినప్పుడు ఏమవుతుందో అందులో ఒక్క పంక్తి లేదు. పదేళ్ళుగా పిల్లలకు నేను ఇచ్చినది ఆ సగమే.

ఇప్పుడు దయచేసి మన తెలుగును ఒకసారి చూడండి. "చేరాలి" అనే మాటకు మనకు రెండు వ్యతిరేకాలు ఉన్నాయి. ఒకటి "చేరకూడదు", అది నిషేధం. రెండవది "చేరనక్కరలేదు", అది నిర్బంధం లేదని చెప్పడం. రెండవదానిలో ఏది లేదంటున్నాము? చేరడం కాదు, అక్కర. ఆ 'లేదు' అన్నది సూటిగా అక్కర మీదనే పడుతున్నది. ఇంగ్లీషులో ఈ రెండవదానికి 'నీడ్ నాట్' అనో, 'డోంట్ హేవ్ టు' అనో అనాలి. 'మస్ట్ నాట్'లో 'నాట్' అన్నది 'మస్ట్'ను ఆనుకొని కూర్చున్నా, దాని దెబ్బ తగిలేది తరువాతి క్రియకు. 'చేయకుండుట విధి' అని దాని తాత్పర్యం. ఒడియాలోనూ ఈ తేడా స్పష్టంగానే ఉంది. వెళ్ళనక్కరలేదంటే "జిబా దరకార నాహిఁ", వెళ్ళడం తగదంటే "జిబా ఉచిత నుహేఁ". అంటే మా పిల్లలకు ఈ భేదం రెండు భాషలలో ముందే తెలుసు. తెలియనిది ఇంగ్లీషు దానికి ఏ మాట వాడుతుందో, అంతే. తెలిసినదాన్ని అడగకుండా, తెలియనిదాన్ని పట్టికగా బట్టీ పట్టించడం నేను చేసిన పొరపాటు.

కొన్నిచోట్ల మన తెలుగే ఎక్కువ నిక్కచ్చిగా ఉంటుంది. "హీ మే నాట్ కమ్" అంటే "అతడు రాకపోవచ్చు". "యూ మే నాట్ ఎంటర్" అంటే "మీరు ప్రవేశించకూడదు". ఇంగ్లీషులో రెండుచోట్లా 'మే నాట్' ఒక్కటే, మనకు రెండు వేరు రూపాలు. తెలుగులో ముందుగా చెప్పించిన పిల్లవాడు ఇక్కడ తడబడడు, ఏది ఏ అర్థమో వాడే విడదీస్తాడు. మరికొన్నిచోట్ల మనదే ఉమ్మడి రూపం. "వెళ్ళాలి" అన్న ఒక్క మాట 'మస్ట్', 'షుడ్', 'హేవ్ టు' మూడింటికీ సరిపోతుంది. అందుచేత అక్కడ ప్రశ్నించాలి: ఎవరు వెళ్ళమన్నారు? నీ మనస్సా, పెద్దలా, చట్టమా? వెళ్ళకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్లకు 'మస్ట్', 'షుడ్' మధ్య తేడా ప్రత్యేకంగా బోధించవలసిన పని ఉండదు.

పిల్లవాడి నోటి మాటనుంచి మొదలుపెట్టడం కొత్త పద్ధతి ఏమీ కాదు. మాకు ఇరుగుపొరుగైన పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. తమ సొంత సొమ్ముతో బడులు పెట్టించారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. బోధించేవాడు నేర్చుకునేవాడి భాష దగ్గరకు వెళ్ళాలన్నది ఆయన ఆచరించి చూపిన ధర్మం. మనకు ఆ శ్రమ కూడా లేదు. మన పిల్లల భాష మనదే.

ఇది కేవలం పరీక్షలో రెండు మార్కుల సంగతి అని తల్లిదండ్రులు అనుకోవద్దని మనవి. మన పిల్లల చదువుకు సంబంధించిన హక్కులన్నీ ఈ చిన్న మాటల మీదనే నిలబడి ఉన్నాయి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతుంది. అక్కడి ఇంగ్లీషు మాట 'షల్'. అది విధి. కాని ఆ విధి దేనికి? ప్రయత్నానికి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ బోధనా మాధ్యమం పిల్లల మాతృభాషగా ఉండాలంటూ అక్కడ కూడా 'షల్' వాడింది. వెంటనే ఆచరణ సాధ్యమైనంత మేరకు అని ఒక షరతు చేర్చింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన అంటూనే, వీలైన చోటల్లా అన్నది. ఇవి చదివి ఎక్కడ 'తప్పదు' అన్నారో, ఎక్కడ 'వీలైతే' అన్నారో పోల్చుకోలేని తండ్రి కార్యాలయంలో ఏమని అడగగలడు? 'షల్' ఉన్నచోట మనం బతిమాలనక్కరలేదు. షరతు ఉన్నచోట ఆచరణ సాధ్యమేనని మనం చూపించాలి. పిల్లల పేర్లు, సంఖ్య, చెప్పగల ఉపాధ్యాయుడు, కూర్చునే గది, ఇవన్నీ కాగితం మీద పెట్టాలి.

ఇక వ్యాసరచన సంగతి. గైడులో చూసి బట్టీ పట్టిన ఆవు వ్యాసంలో మోడల్ క్రియలకు పని లేదు. ఆవుకు నాలుగు కాళ్ళు ఉంటాయి, అందులో సందేహమూ లేదు, బాధ్యతా లేదు. అందువల్ల నేను పిల్లలు తామే తర్కించగల సంగతులు ఇవ్వడం మొదలుపెట్టాను. 2017 జూలైలో నాగావళి పరీవాహకంలో ఆకస్మికంగా వరద వచ్చి, తెరువలి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయినది. రైళ్ళు చాలా రోజులు నిలిచిపోయాయి. దాని మీద వ్యాసం రాయమన్నాను.

ముందు నల్లబల్లను నాలుగు గళ్ళు చేశాను: జరిగినది, జరిగి ఉండవచ్చునది, జరగవలసినది, జరగకూడనిది. మొదట అంతా తెలుగులోనే చెప్పించాను. "వంతెన పోయింది" అన్నది మొదటి గడిలోకి వెళ్ళింది. అక్కడ మోడల్ క్రియ అవసరమే లేదు. "పైన కొండలలో పెద్ద వాన కురిసి ఉండాలి" అన్నాడొక అబ్బాయి. "చెట్లు కొట్టివేయడం వల్ల నీరు వేగంగా వచ్చి ఉండవచ్చు" అన్నాడింకొకడు. రెండూ రెండవ గడివే, కాని బరువులు వేరు. మొదటిది 'మస్ట్ హేవ్', రెండవది 'మే హేవ్'. "పొంగుతున్న వాగును ఎవరూ దాటకూడదు" అన్నది నాలుగవ గడికి చేరింది. అప్పుడు ఒక అమ్మాయి లేచి "మాస్టారూ, నేను కళ్ళారా చూడనిదాన్ని 'మస్ట్ హేవ్' అని రాయవచ్చునా?" అని అడిగింది.

ఎంత మంచి ప్రశ్నో చూడండి. చూడనిది రాయవచ్చును, కారణం చూపగలిగితే. కారణం బలహీనమైతే 'మే' అనాలి, ఇంకా బలహీనమైతే 'మైట్' అనాలి. వ్యాసం రాయడమంటే మన మాటకు మనం ఎంతవరకు పూచీ పడగలమో చెప్పడమేనని ఆ పూట పిల్లలకంటె నాకే ఎక్కువ అర్థమైంది. ఆనాటి వ్యాసాలలో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. కాని ఏ రెండూ ఒక్కలాగా లేవు. గైడు వ్యాసాలు దిద్దిన అన్ని సంవత్సరాలలో నేను ఎన్నడూ చూడని వింత అది.

మీరు రేపు తరగతిలో చేయగలిగినవి మూడు చెబుతాను. మోడల్ క్రియ ఏదైనా, దాని వ్యతిరేకాన్ని అదే రోజున చెప్పండి. ఇంగ్లీషు వాక్యం రాయించే ముందు పిల్లల చేత తెలుగులోను, వీలైతే ఒడియాలోను అదే అనిపించండి. వ్యాసాన్ని గళ్ళుగా విడదీసి, ప్రతి వాక్యం ఏ గడిదో పిల్లలనే నిర్ణయించనివ్వండి. తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లవాడు రాసిన దరఖాస్తునో, సెలవు చీటీనో చదివి, "నువ్వు చెప్పదలచుకున్నది ఇదేనా?" అని తెలుగులో అడగండి. అందుకు మీకు ఇంగ్లీషు రానక్కరలేదు.

ఆ తరువాతి సంవత్సరం "మా తరగతి" అనే అంశం ఇస్తే, ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే చివర రెండు వాక్యాలు రాసింది: "అవర్ తెలుగు క్లాస్ మే క్లోజ్. ఇట్ నీడ్ నాట్ క్లోజ్." మా తెలుగు తరగతి మూతపడవచ్చు, మూతపడనక్కరలేదు. నాడు నేను దరఖాస్తులో రాయలేకపోయిన మాట అదే. ఎర్ర సిరా కలం చేతిలోనే ఉంది గాని, దిద్దవలసినది ఏమీ కనిపించలేదు. ఆమె నోట్‌బుక్‌ను ఆ తండ్రి దుకాణానికి తీసుకువెళ్ళి, ఆ రెండు వాక్యాలు తెలుగులో చదివి వినిపించి వచ్చాను.