కోడింగ్ రాకున్నా మనం చేయగలిగే పని: బగ్ రిపోర్టులు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

మాది బోనకల్. కాజీపేట–విజయవాడ లైన్లో పోయేటోళ్లకు మా స్టేషన్ తెలిసే ఉంటది. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే ఫస్టు. హాస్టల్లో ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడితే "అది కోడింగ్ వచ్చినోళ్ల పని, మనకెందుకు" అంటారు. ఆ మాట సగమే నిజం.

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనబడేట్టు పెట్టిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. 1993లో మొదలైన డెబియన్‌ను ఇప్పటికీ వాలంటీర్లే నడుపుతున్నారు. అందులో తప్పు కనబడితే ఒక ఈమెయిల్ రాస్తే చాలు, అకౌంట్ కూడా అక్కర్లేదు. ఆ రిపోర్టుకు ఒక నంబర్ ఇచ్చి అందరికీ కనబడేట్టు పెడతారు.

అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. రిపోర్టులు కుప్పలుగా వస్తాయి. సరిచేసేవాళ్లు కొద్దిమందే, వాళ్లు కూడా సొంత పనులు అయ్యాక కూర్చునేవాళ్లు. అందుకే ఆ కుప్పను వేరుచేసే మనుషులు కావాలి. ఈ పనిని ట్రయాజ్ అంటారు. ఇదే తప్పు ఇంతకుముందు ఎవరైనా రాశారా? మన ఫోన్లో కూడా వస్తుందా? ఎంత పెద్దది? డెబియన్‌లో దీనికి ఏడు మెట్లు ఉన్నాయి. అన్నిటికన్నా పైది క్రిటికల్, అడుగున ఉండేది విష్‌లిస్ట్, అంటే "ఇది కూడా ఉంటే బాగుండు" అనే కోరిక. వీటిలో దేనికీ కోడ్ రాయనక్కర్లేదు.

రిపోర్టు రాసుడు మనకు కొత్త కాదు. ఊళ్లో పెద్దోళ్లకు అర్జీలు రాసిపెట్టేది మనమే గదా. "మా గూడెంలో నీళ్లు లేవు" అని రాస్తే చదివినాయనకు ఏం చేయాలో తెలియదు. "బడి ముందున్న బోరింగు, సోమవారం నుంచి, ఎంత కొట్టినా గాలే వస్తంది" అని రాస్తే మెకానిక్ సామాను పట్టుకొనే వస్తాడు. బగ్ కూడా అంతే. ఏ ఫోను, ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఏం రావాల్సి ఉండె. ఒక స్క్రీన్‌షాట్ పెట్టాలి. అందులో మన ఫోన్ నంబర్, హాల్ టికెట్ నంబర్ కనబడకుండా చూసుకోవాలి. పాస్‌వర్డులు బయటపడే లాంటి తప్పయితే అందరి ముందు పెట్టొద్దు, ప్రాజెక్టువాళ్లకు విడిగా చెప్పాలి.

ఇందులో మన అవసరం ఎక్కడుంది? 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. అది కంపెనీ సాఫ్ట్‌వేర్, ప్రపంచమంతా గోల అయింది, అదే నెలలో సరిచేశారు. కానీ వాలంటీర్ల ప్రాజెక్టులో ఒక ఒత్తు పక్కకు జరిగితే గోల చేసేదెవరు? సరిచేసే మనిషికి తెలుగు రాకపోవచ్చు. "ఈ అక్షరం సరిగ్గా ఎట్లా ఉండాలి?" అని అడుగుతాడు. ఎవరూ జవాబు చెప్పకపోతే చాలా ప్రాజెక్టుల్లో కొన్నాళ్లకు ఆ రిపోర్టు మూసేస్తారు. తప్పు మాత్రం అట్లనే ఉంటది.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరు మీద ఉన్న గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. ఆ అక్షరాలు స్క్రీన్ మీద సరిగ్గా వచ్చాయా లేదా అని చెప్పాల్సింది ఆ లిపి చదివేవాళ్లే. ఎంత పెద్ద ఇంజినీరైనా వాళ్ల బదులు చెప్పలేడు.

ఒక్క మాట గుర్తుంచుకుందాం. అవతలోళ్లకు జీతం లేదు. "ఇంకెన్నాళ్లు?" అని గదమాయిస్తే ఉన్న ఒక్కరు కూడా లేచిపోతారు. అడిగినదానికి జవాబు చెప్పి, సరిచేశాక మళ్లీ చూసి "ఇప్పుడు బాగుంది" అని రాస్తే అదే పెద్ద సాయం.

ఈ వారం మీరు వాడే ఓపెన్ సోర్స్ యాప్‌లలో ఎక్కడైనా అక్షరం విరిగితే కామెంట్‌లో పెట్టండి. ఇంగ్లీషు సరిగా రాదని ఆగొద్దు. కలిసి కూర్చొని రాసి పంపుదాం.