స్టాండ్ మీద సైకిల్

ఆ ఆదివారం నేను బయల్దేరింది సైకిళ్ళ కోసం కాదు. ఆఫీసు పని మీద మూడు వారాలు లాస్ ఏంజెలెస్ పంపారు. రెండో వారానికే హోటల్ గదిలో ఊపిరాడక, సముద్రం చూద్దామని క్యాబ్ ఎక్కి లాంగ్ బీచ్ వైపు వెళ్తున్నా. దారిలో ఒక చర్చి వెనక పార్కింగ్ స్థలంలో గుడారాలు, జనం, పల్చటి నీలం పొగ కనిపించాయి. అద్దం దించగానే వాసన తగిలింది. పెట్రోల్లో ఆయిల్ కలిపి కాల్చే టూ స్ట్రోక్ వాసన. చిన్నప్పుడు మా వీధిలోంచి లూనా వెళ్ళిపోయాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయే వాసన. అక్కడే ఆపించి దిగిపోయాను.

గేటు దగ్గర అట్టముక్క మీద చేత్తో రాసి పెట్టారు: కస్టమ్, మోటరైజ్డ్ సైకిళ్ళ ప్రదర్శన, ప్రవేశం ఉచితం.

లోపల ఓ అరవై సైకిళ్ళుంటాయి. మొదటి వరుసలో లో రైడర్లు. ఇవి తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళ సంప్రదాయం. అన్నలు కార్లని నేలకి తగిలేంత కిందకి దించి ముస్తాబు చేసుకుంటే, కారు కొనే వయసు రాని తమ్ముళ్ళు సైకిళ్ళ మీద అదే పని చేశారు. జడలా మెలితిప్పిన ఇనుప కడ్డీల ఫోర్కు, వెల్వెట్ సీటు, ఒక్కో చక్రానికి 144 దాకా చువ్వలు. మన పాత సైకిళ్ళకి ముందు 32, వెనక 40 ఉండేవి. వీటిని తొక్కడం కష్టం. తొక్కడానికి చేసినవి కావు కూడా.

వాటి పక్కన ష్విన్ స్టింగ్-రేలు. ఇది కంపెనీ సైకిలే కానీ పుట్టింది వీధిలో. అరవైల మొదట్లో కాలిఫోర్నియా పిల్లలు చిన్న సైకిళ్ళకి పొడుగు సీట్లూ ఎత్తు హ్యాండిళ్ళూ తగిలించుకుని తిరుగుతున్నారని ష్విన్‌లో పనిచేసే ఆల్ ఫ్రిట్జ్ చెవిన పడింది. ఆయన అదే ఆకారాన్ని 1963లో ఫ్యాక్టరీ నుంచి దించాడు. పిల్లలు చేసుకున్నదాన్నే కంపెనీ మళ్ళీ పిల్లలకి అమ్మింది, బాగా అమ్మింది.

పొగ వస్తున్నది మాత్రం మూడో వరుసలోంచి. మోటారు సైకిళ్ళు కావు, మోటారు బిగించిన సైకిళ్ళు. కొన్నిటి హ్యాండిళ్ళు కిందకి వంగి, ట్యాంకు సన్నగా పొడుగ్గా ఉంది. పాత చెక్క ట్రాకుల మీద పరిగెత్తిన రేసు బళ్ళ ఆకారమట అది. ఈ లాస్ ఏంజెలెస్‌లోనే, ప్లాయా డెల్ రే అనే చోట, 1910లో మైలు చుట్టుకొలతతో గుండ్రటి చెక్క ట్రాక్ కట్టారు. ఆ రేసు బళ్ళకి బ్రేకులుండేవి కావు. ఇప్పుడు ఆ ఆకారంలో చేసుకున్నవాళ్ళు బ్రేకులు మాత్రం పెట్టుకున్నారు.

ఒక గుడారం కింద నల్లటి విజ్జర్ ఉంది. 1939లో ఇదే నగరంలో విమానాల భాగాలు చేసే బ్రీన్-టేలర్ అనే కంపెనీ ఈ ఇంజిన్ కిట్ మొదలుపెట్టింది. సైకిల్ మీది, ఇంజిన్ వాళ్ళది. ఇంట్లో కూర్చుని బిగించుకోవాలి. యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారాలకి వెళ్ళే కార్మికులు దీని మీద పనికి వెళ్ళారు. యుద్ధం ముగిశాక, సముద్రానికి అవతల జపాన్‌లో, ఇంకొకాయన దాదాపు ఇదే పని చేశాడు. సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటర్ ఇంజిన్లు కొని 1946లో సైకిళ్ళకి బిగించడం మొదలెట్టాడు. మొదటిదానికి పెట్రోలు ట్యాంకుగా వాడింది వేడినీళ్ళ కాపడం డబ్బా. ఆయన పేరు సోయిచిరో హోండా. తర్వాత సొంతంగా చేసిన ఇంజిన్‌కి జనం దాని చప్పుడునే పేరుగా పెట్టారు: బాటా-బాటా. హైదరాబాద్‌లో ఫట్‌ఫటీ అన్నట్టే.

చివర్లో నారింజ రంగు మోటోబెకాన్ మోపెడ్ ఒకటి నిలబెట్టారు. చూడగానే "సువేగా!" అని పైకే అనేశా. ఓనరు తిరిగి చూశాడు. మా పెదనాన్నకి ఇలాంటిదే ఉండేదనీ, ఈ ఫ్రెంచి కంపెనీ సహకారంతోనే మా దగ్గర తిరుపతిలో సువేగా పేరుతో తయారు చేసేవారనీ చెప్పాను. ఆయన నా చేత తిరుపతి పేరు రెండుసార్లు చెప్పించుకుని, బండి ముందు పెట్టిన అట్ట మీద తనకి తోచిన స్పెల్లింగుతో రాసుకున్నాడు. పెట్రోలు అయిపోతే పెదనాన్న దాన్ని సైకిల్‌లాగే తొక్కుకుంటూ వచ్చేవాడు. మోపెడ్‌కి పెడల్సు ఎందుకుండేవో నాకు అర్థమైంది అక్కడే. తను సైకిల్ నుంచే వచ్చానని బండి మర్చిపోలేదన్నమాట.

కాసేపయ్యాక ఒకటి గమనించాను. అక్కడ సైకిల్ని ఎవరూ నిలబడి చూడటం లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గొంతుక్కూచుంటున్నారు. పెయింట్ వైపు చూపు కూడా పోనివ్వకుండా తిన్నగా అతుకుల దగ్గరికి వెళ్తున్నారు. ఇంజిన్ ఫ్రేముకి ఎక్కడ పట్టింది, వెల్డింగ్ గీత ఎలా సాగింది, వైరు ఎక్కణ్ణించి లాగారు. "బావుంది" అన్న మాట దాదాపు వినపడలేదు. వినపడ్డది ఒకటే ప్రశ్న, "ఇదెలా చేశావు?"

ఇక్కడ పుస్తకాల మీద రాస్తుంటాను కాబట్టి ఆ ప్రశ్న నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. నా సమీక్షల్లో శిల్పం, నిర్మాణం లాంటి మాటలు బానే దొర్లుతాయి. కానీ నేను ఎక్కువగా చెప్పేది బావుందో బాలేదో. నిలబడి చూసే మనిషిని. ఆ ఇబ్బందిలోనే కాబోలు, నేనూ ఒక ఆకుపచ్చ సైకిల్ పక్కన గొంతుక్కూచున్నాను.

దాని పక్కన మడత కుర్చీలో ఓ పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి. ఇంజిన్ చైనా కిట్. అక్కడున్నవాటిలో సగం పైగా అవే. టూ స్ట్రోక్, 66 సీసీ. అమ్మేటప్పుడు మాత్రం 80 అని రాస్తారని చెప్పి నవ్వాడు. అట్ట మీద రాసింది నమ్మకూడదని పుస్తకాల దగ్గర నేర్చుకున్నదే. కుడివైపు పెడల్ చెయిన్ యథాప్రకారం ఉంటుంది. ఎడంవైపు ఇంజిన్ నుంచి ఇంకో చెయిన్ వెనక చక్రానికి వెళ్తుంది. అక్కడ 44 పళ్ళ స్ప్రాకెట్‌ని నేరుగా చువ్వలకే, అటూ ఇటూ రబ్బరు పెట్టి తొమ్మిది బోల్టులతో బిగిస్తారు. క్లచ్ నొక్కి తొక్కడం మొదలెట్టి, వేగం అందుకున్నాక వదిలేస్తే ఇంజిన్ అంటుకుంటుంది.

"అందరికీ గండం ఇక్కడ" అని ఎడం చెయిన్ మధ్యలో ఖాళీ చోటు చూపించాడు. కిట్‌తో పాటు ఒక చిన్న రోలర్ ఇస్తారు. వదులైన చెయిన్‌ని నొక్కిపట్టడానికి. ఫ్రేముకి బిగించాలి. ఏ గతుకులోనో అది పక్కకి తిరిగి చువ్వల్లో పడిందంటే వెనక చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. మనిషి మాత్రం ఆగడు. పని తెలిసినవాళ్ళు ఇంజిన్‌నీ వెనక స్ప్రాకెట్‌నీ ఒకే గీత మీదకి తెచ్చి, చెయిన్‌ని సరిగ్గా అన్నే లింకులకి కత్తిరించి, ఆ రోలర్‌ని తీసి పారేస్తారు. ఆయనకి దానికి రెండు వారాలు పట్టిందట.

"నువ్వెప్పుడైనా చేశావా ఒకటి?" అన్నాడు.

"చేశాను. ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అదే."

ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "రోలర్ ఉంచావా, తీసేశావా?"

"ఉంచాం." నోటికొచ్చింది చెప్పాను.

"మొదటిసారి అందరూ ఉంచుతారు. ఎప్పుడు పోయింది?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని అవతలికి నడిచాను.

2010లో నేను మెకానికల్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురం, టీమ్ లీడర్ని నేను. అమీర్‌పేటలో ఒక సందులో, మొదటి అంతస్తులో ఒక షాపుండేది. ఏ బ్రాంచి అని అడిగి, ఫైల్లోంచి ఫోటోలు చూపించేవాళ్ళు. మేం మోటారు సైకిల్ ఎంచుకున్నాం. ఇరవై నాలుగు వేలు. తలా ఆరు. అందులోనే రిపోర్టు, స్లైడ్లు, వైవాలో అడగబోయే ప్రశ్నలూ జవాబులూ. బండి అప్పగిస్తూ షాపువాడు ఒకే జాగ్రత్త చెప్పాడు. "స్టాండ్ మీదే స్టార్ట్ చేయండి సార్. దించకండి."

దించలేదు. వైవా రోజు వెనక చక్రం గాల్లో గిరగిరా తిరిగింది, గదంతా పొగ నిండింది, ఎగ్జామినర్ దగ్గుతూ కంప్రెషన్ రేషియో అడిగాడు, నేను బట్టీపట్టింది అప్పజెప్పాను. మంచి మార్కులొచ్చాయి. ఆ బండిని ఏడువేలకి అదే షాపు వెనక్కి తీసుకుంది. తర్వాత ఏ కాలేజీలో ఎవరికి మార్కులు తెచ్చిపెట్టిందో.

ఈ వ్యాసం రాసేముందు ఆ రిపోర్టు పీడీఎఫ్ వెతికి తెరిచాను. మొదటి చాప్టర్లో ఒక పేరా ఉంది: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు కన్నా తక్కువ చక్రాలుండి ఇంజిన్ 25 సీసీ మించకపోతే అది మోటారు వాహనం కిందకి రాదు, కాబట్టి మా బండికి లైసెన్సు అక్కర్లేదు అని. చట్టం మాట నిజమే. మూడో చాప్టర్లో మా ఇంజిన్ వివరాలున్నాయి. పాత మోపెడ్‌ది, 50 సీసీ. ఈ రెండు పేజీల మధ్య తేడా ఎగ్జామినర్ చూడలేదు, గైడ్ చూడలేదు, కింద సంతకం పెట్టిన నేనూ చూడలేదు.

ఇదంతా అప్పట్లో మామూలే, అందరూ చేసిందే అని సరిపెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళూ అలాగే సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోలేనిది వేరే ఉంది.

మా నలుగురిలో ఒకడిది జనగామ. వాళ్ళ నాన్నకి అక్కడ సైకిల్ రిపేరు దుకాణం, పక్కనే వెల్డింగ్. అమీర్‌పేట వెళ్ళేముందు రోజు హాస్టల్లో వాడన్నాడు. "కొనుడెందుకురా? మా బాపు దుకాణంల చేద్దాం. నెల రోజుల పని. పాత ఇంజిన్ నేను జూస్త."

నేనన్నాను. "ఇంజనీరింగ్ చదివి పంక్చర్ షాపులో కూర్చుందామా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. వాడూ నవ్వాడు. మర్నాడు తన వంతు ఆరువేలు తెచ్చిచ్చాడు. అన్నీ నలిగిన యాభైలూ వందలూ. ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. ఆ సంగతి మళ్ళీ వాడెప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు వాడు బెంగుళూరులో నాలాగే సాఫ్ట్‌వేర్. పుట్టినరోజులకి మెసేజీలు పెట్టుకుంటాం.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చర్చి గోడ దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాను. పెద్దాయనకి చెప్పేశాను. చేయలేదు, కొన్నాం అని. ఏదో ఒకటి అంటాడనుకున్నా. నవ్వుతాడనో, పర్లేదంటాడనో.

"మరి అది నడిచేదా?" అన్నాడు.

"తెలీదు. స్టాండ్ మీంచి దించలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

ఆయన మొహంలో బాధ కనిపించింది. నా అబద్ధం గురించి కాదు. ఆ బండి గురించి. ఎవరో పెంచుకోలేక వదిలేసిన కుక్క గురించి విన్నట్టు తల ఊపాడు. తర్వాత లేచి, ఆకుపచ్చ సైకిల్ హ్యాండిల్ నా చేతికిచ్చి, ఇంజిన్ ఆఫ్‌లోనే, ఆ పార్కింగ్ స్థలం చివరి దాకా తొక్కి రమ్మన్నాడు. తొక్కాను. బరువుగా ఉంది. ఎడంవైపు చెయిన్ చప్పుడు లేకుండా, ఎక్కడా తగలకుండా తిరుగుతోంది. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు పిల్లలెవరో పక్కకి తప్పుకున్నారు.

సాయంత్రం కప్పులు ఇచ్చేదాకా ఉండలేదు. ఆయనకి వచ్చిందో లేదో తెలీదు. సముద్రం కూడా చూడలేదు. క్యాబ్‌లో కూర్చుని, ఆకుపచ్చ సైకిల్ ఫోటో ఎడంవైపు నుంచి తీసింది, జనగామ వాడికి పంపాను. కింద ఏదో రాద్దామనుకున్నా. అప్పుడు నేనన్న మాట గుర్తుందా అని మొదలెట్టి చెరిపేశాను. సారీ అని కొట్టి, ఇన్నేళ్ళకి ఈ ఒక్క ముక్కా అనిపించి అదీ చెరిపేశాను. చివరికి ఫోటో ఒక్కటే వెళ్ళింది.

ఇండియాలో అప్పుడు తెల్లవారుజాము. హోటల్‌కి చేరేసరికి జవాబు వచ్చి ఉంది.

"మస్తుంది. రోలర్ లేదేందిరా, చెయిన్ ఎట్ల ఆపిండు?"

ఫోటోలో ఆ ఖాళీ చోటు గోరంత కూడా ఉండదు. వాడికి ఫోన్ చేశాను.