పాచికలును పుట్టుకయు

వినోదార్థమై మనుజులు కల్పించుకొనిన క్రీడలు పెక్కులు గలవు. కొన్నింట దేహబలమును, కొన్నింట యుక్తియు జయమునకు మూలములు. కాని కొందఱు మిత్రులు బల్లచుట్టును గూర్చుండి, తలకొక పాత్రను ధరించి, నోటిమాటతోడనే కథను నడుపుకొను క్రీడ యొకటి కలదని మన చదువరులలో ననేకు లెఱుగకపోవచ్చును. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికా దేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని రచింపగా, 1974వ సంవత్సరమున మూడు చిన్న పుస్తకములుగా వెలువడెను. వసతిగృహమునందుండు మేము అయిదుగురము శనివారపు సాయంకాలముల నీ క్రీడ నాడుచున్నాము. ఒకరు కథను నడుపుదురు, తక్కినవారు పాత్రధారులు. ఇందు మాకు గోచరించిన యొక విషయమును సోదర విద్యార్థులకు విన్నవింప దలచితిమి.

ఈ క్రీడయందు ప్రతి పాత్రకును ఆఱు శక్తులు చెప్పబడినవి: బలము, చురుకుదనము, దేహదార్ఢ్యము, బుద్ధి, వివేకము, జనాకర్షణము. ఆదియందు ఒక్కొక్క శక్తికి మూడేసి పాచికలు వేసి, వచ్చిన మొత్తమును వ్రాసికొనుచుండిరి. కావున సంఖ్య 3 మొదలు 18 వఱకు నుండును. గణితాభ్యాసము గల సోదరులు లెక్కించి చూడవచ్చును. మూడు పాచికలు 216 విధముల పడగలవు. అందు 18 వచ్చుట యొక్కటే విధము. 10 గాని 11 గాని వచ్చుట 54 విధములు. అనగా నాలుగు పర్యాయములలో నొకసారి నడిమి సంఖ్య వచ్చును. అత్యున్నత సంఖ్య బహుదుర్లభము. పాచిక యెవ్వరి ముఖమును జూడదు. కలవాని చేతినుండియు లేనివాని చేతినుండియు నొక్కరీతినే పడును.

పాచిక చూడనిదానిని నియమము చూచినది. ప్రతి పాత్రకును జాతి యొకటి గలదు. మనుష్యులే గాక, సన్నని దేహముగల ఎల్ఫులు, పొట్టిగను గట్టిగను నుండు డ్వార్ఫులు, ఓర్కులకును మనుష్యులకును బుట్టిన అర్ధఓర్కులు మున్నగువారు కలరు. 1974 నాటి పుస్తకములలో జాతినిబట్టి శక్తిసంఖ్యలు మాఱలేదు గాని, డ్వార్ఫు యోధుడు ఆఱవ మెట్టు దాటగూడదనియు, మనుష్యునకు హద్దు లేదనియు నుండెను. 1978 నాటి గ్రంథమున ఎల్ఫునకు చురుకుదనమున నొకటి కూడి, దేహదార్ఢ్యమున నొకటి తగ్గెను. ఆ పుస్తకముననే స్త్రీపాత్రల బలమునకును హద్దు విధింపబడెను. 2000వ సంవత్సరపు నియమములలో అర్ధఓర్కునకు బలమున రెండు కూడి, బుద్ధియందు రెండును జనాకర్షణమున రెండును తగ్గెను. 2014 నాటి గ్రంథమున తగ్గింపులు తొలగి కూడికలు మాత్రము నిలిచెను.

మేము ఆడునది యీ 2014 నాటి పద్ధతియే. క్రొత్తకథ నారంభించునపుడు మాలో నొక మిత్రుడు అర్ధఓర్కు మాంత్రికుని పాత్రను గోరి, తనకున్న సంఖ్యలలో మిక్కిలి పెద్దదియగు 15ను బుద్ధికి వ్రాసికొనెను. వేఱొక మిత్రుడు నవ్వి, "ఓయీ, వానికి గొడ్డలి నిమ్ము. చదువు నోముజాతివానికి జెల్లును" అనెను. లెక్కచేత నతడు చెప్పినది నిజమే. నోమునకు బుద్ధియందు రెండు కూడి 17 అగును. పాచికకు మూడు కలుపుకొనును. అర్ధఓర్కునకు 15 నిలిచి, రెండే కలుపుకొనును. ఇరువది ముఖముల పాచికలో నిది యొక్క ముఖపు భేదము. అల్పమే, కాని మొదటిదినము మొదలు ప్రతి పరీక్షయందును వెంట వచ్చు భేదము. చదువవలదని నియమ మెక్కడను చెప్పదు. చదివిన నష్టపోదువని మాత్రము మెల్లగా జెప్పును. అందుచే లెక్క యెఱిగినవారందఱు గొడ్డలినే పట్టుదురు.

అంతట నా మిత్రుడు, "మా తాత చేవ్రాలు చేయనేరడు. నాకు లెక్కలలో మంచి మార్కులు వచ్చినప్పుడెల్ల నాశ్చర్యపడువారు గలరు. ఆటలోనైనను ఎవ్వరు నాశ్చర్యపడకుండ నన్ను చదువుకొననిండు" అనెను. బల్లచుట్టును గొంతసేపు మాట లేకపోయెను.

రెండవ మిత్రుని పక్షమునను న్యాయము లేకపోలేదు. "భేదమే లేకున్న నిన్ని జాతులెందులకు? కథ చప్పనగును గదా" యని యతడడిగెను. దీనికి క్రీడాకర్తలే క్రమముగా సమాధానము వెదకిరి. 2020లో వెలువడిన గ్రంథమొకటి జాతివలన వచ్చు కూడికలను దలచిన శక్తికి మార్చుకొనవచ్చునని యనుమతించెను. 2024 నాటి గ్రంథమున జాతియను మాటకు బదులు జీవవర్గమను నర్థముగల మాట వచ్చెను. కూడికలు పుట్టుకనుండి తొలగి, పాత్ర పూర్వము చేసిన పనినిబట్టి లభించుచున్నవి. ఓర్కు చీకటిలో చూచునను విశేషము మాత్రము నిలిచియున్నది. భేదము కలదు గాని, అది బుద్ధిని కొలుచు భేదము కాదు.

మేము 2020 నాటి యనుమతిని గైకొంటిమి. అర్ధఓర్కు మాంత్రికుని బుద్ధి 17 అయ్యెను. కథ చప్పన గాలేదు. గుహాద్వారమునందలి ప్రాచీనలిపిని చదివి మమ్ము రక్షించినవా డతడే. చీకటిలో దానిని జూడగలిగినది వాని పుట్టుకచేత, చదువగలిగినది వాని విద్యచేత.

అయినను సమస్య సమసినదని చెప్పజాలము. 2024 నాటి పట్టికలో సేద్యగానికి బలము, దేహదార్ఢ్యము, వివేకము కూడును గాని బుద్ధి కూడదు. మాలో మువ్వురము రైతుబిడ్డలము. విత్తుటకు దినమును, నీటికి వంతును, ఎరువునకు మోతాదును లెక్కించు మా తండ్రులను మేమెఱుగుదుము. పుట్టుకనుండి తీసి వృత్తియందు గట్టిన ముడి మఱొక ముడియే కదా!

కావున సోదరులారా, మీరెప్పుడైన నీ క్రీడ నాడుదురేని సంతోషముగా నాడుడు. పడిన పాచికను మన్నింపుడు. కాని ప్రక్కనున్నవాడు తన పత్రమున నేమి వ్రాసికొనునో వానినే వ్రాసికొననిండు. వాడు కలమును దీయకముందే వాని సంఖ్యను మనము చెప్పకుందుము గాక.