జేబు లేనివారి జేబుఖర్చు

అనువాదకుణ్ణి ఇబ్బంది పెట్టేవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలే. వైద్య వ్యయాన్ని గురించిన ఒక ఆంగ్ల నివేదికను తెనిగిస్తూ, ‘ఔట్ ఆఫ్ పాకెట్’ అన్నచోట నా కలం రెండు రోజులు ఆగిపోయింది. రోగి కుటుంబం స్వయంగా చెల్లించే సొమ్ముకు ఆర్థికవేత్తలు పెట్టుకున్న పేరది. ‘జేబుఖర్చు’ అంటే మనకు కాలేజీ కుర్రవాడి సినిమా టిక్కెట్టు, మిరపకాయ బజ్జీలు గుర్తుకు వస్తాయి. చివరకు ‘సొంత ఖర్చు’ అని రాసి ఊరుకున్నాను.

నిజానికి ఆ డబ్బు జేబులోది కాదు. మా మేనత్త విషయంలో అది ఆమె చేతి గాజులు. 2011లో మామయ్యకు గుండె శస్త్రచికిత్స అవసరమైంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని పైసా ఖర్చు లేకుండా అది జరిగిపోయింది; ఏడాదిపాటు మందులు కూడా ఉచితంగానే అందాయి. గాజులు తాకట్టుకు వెళ్లింది ఆ తరువాత. నాలుగు రకాల మాత్రలు, మూడు నెలలకొకసారి రక్తపరీక్షలు, పట్నానికి బస్సు చార్జీలు, ప్రైవేటు వైద్యుని ఫీజు! ఏ ఒక్కటీ పెద్ద మొత్తం కాదు. శస్త్రచికిత్స అంటే ఊరంతా వచ్చి పలకరిస్తుంది. మందుల చీటీని ఎవరు పలకరిస్తారు?

చెల్లించే శక్తి లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. దేశంలోని మొత్తం వైద్య వ్యయంలో కుటుంబాలు స్వయంగా భరించినది 2013-14లో నూటికి 64 రూపాయలు. 2021-22 నాటికి అది 39కి దిగింది. సంతోషించవలసిందే. కాని ఆ మిగిలినదానిలో మందుల వాటా చాలా పెద్దది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు భరిస్తుంది. అయితే ఆసుపత్రిలో చేరిన రోగికి, చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజులు. గుండెజబ్బు పదహారో రోజున సెలవు తీసుకోదు కదా!

మామయ్య తన ఉపాయం తాను కనిపెట్టాడు. రోజూ వేసుకోమన్న మాత్రను రోజు విడిచి రోజు వేసుకోసాగాడు. “నెల మందు రెండు నెలలు వస్తోందిరా” అని నిరుడు మేనత్త నాతో పొదుపు సంగతి చెప్పినట్టే చెప్పింది. వైద్యుని చేత ఆ మందుల అసలు పేర్లు రాయించి, జనౌషధి దుకాణంలో కొన్నాను. సగం ధరైనా కాలేదు. ఆ దుకాణం వారి ఊరికి ముప్ఫై కిలోమీటర్లు. ఇప్పుడు మూడు నెలల మందు ఒకేసారి కొని, ఆ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.